చెక్క దిమ్మె చెప్పిన సాక్ష్యం

బాలిస్టిక్ పెండ్యులం లెక్క చెయ్యనివాళ్లు మన కాలేజీలో ఉండరు. ఇంత బరువున్న తూటా అంత బరువున్న చెక్క దిమ్మెలో దిగబడింది, దిమ్మె ఇంత ఎత్తు లేచింది, తూటా వేగం ఎంత? ఇంటర్‌లో చేశాం, ఎంట్రన్స్ కోసం చేశాం, ఫస్టియర్ మెకానిక్స్‌లో మళ్లీ చేశాం. మొమెంటం ఒక లైను, ఎనర్జీ ఒక లైను, జవాబు కింద రెండు గీతలు. అయిపోయింది. ఆ దిమ్మెను వేలాడదీసి నిజంగా తుపాకీ పేల్చి చూసినాయన ఎవరు, ఆయనకా అవసరం ఎందుకొచ్చింది అన్నది నేను చదివిన టెక్స్ట్‌బుక్‌లలో ఎక్కడా లేదు. కాస్త వెతికి చూస్తే సమాధానం నన్ను బాత్ అనే ఇంగ్లండ్ ఊరి నుంచి చెన్నపట్నానికి దక్షిణాన ఉన్న కడలూరు సముద్రం ఒడ్డు దాకా తీసుకొచ్చింది.

ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. 1707లో పుట్టి 1751లో పోయాడు. బతికింది 44 ఏళ్లు. ఆ కొద్దికాలంలోనే, అప్పటిదాకా చేతివాటం, అలవాటు, నమ్మకం మీద నడుస్తున్న తుపాకీ విద్యను కొలతల మీద నిలబెట్టాడు. ఒత్తిడి ఎంత, వేగం ఎంత, గురి ఎందుకు తప్పుతోంది అనే మూడు ప్రశ్నల్నీ ఒక్క మనిషే పట్టుకుని, మూడింటికీ ప్రయోగంతో జవాబు వెతికాడు. ఇవాళ రైఫిల్ తూటాలు తయారుచేసేవాళ్లు అడిగేవి కూడా ఆ మూడు ప్రశ్నలే.

దర్జీ కొడుకు

రాబిన్స్ తండ్రి బాత్‌లో దర్జీ. ఉన్నవాళ్లేం కాదు. వాళ్లది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లంటే క్రైస్తవంలో ఒక శాఖ. ఆడంబరం కూడదు, ఒట్టు వెయ్యకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆయుధం పట్టకూడదు. యుద్ధానికి ఏ రకంగానూ సాయపడకూడదన్నది వాళ్ల నియమం. తుపాకీ శాస్త్రానికి ఆద్యుడనిపించుకున్న మనిషి అలాంటి ఇంట్లో పుట్టాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

యూనివర్సిటీ చదువుకి స్తోమత లేదు. కానీ లెక్కలు అబ్బాయి. ఆయన రాసిన కాగితం ఒకటి లండన్‌లో డాక్టర్ హెన్రీ పెంబర్టన్‌కి చేరింది. న్యూటన్ ప్రిన్సిపియా మూడో ముద్రణ 1726లో వచ్చింది కదా, దాన్ని దగ్గరుండి తీర్చిదిద్దింది ఈ పెంబర్టనే. కుర్రాడిలో ఎంత సరుకుందో చూద్దామని కొన్ని లెక్కలు పంపాడు. కుర్రాడు చేసి పంపాడు. అలా లండన్ దారి పడింది. 1727లో, సరిగ్గా 20 ఏళ్ల వయసులో, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మనం సెకండియర్ సప్లీలు రాసుకునే వయసది.

లండన్‌లో పొట్టకూటి కోసం లెక్కలు చెప్పాడు. ఒకచోట కూర్చుని పాఠాలు చెప్పడం మీద కొన్నాళ్లకి విసుగు పుట్టింది. మిల్లులు, వంతెనలు, రేవులు, చిత్తడి నేలల నీరు తోడెయ్యడం, కోటల నిర్మాణం, ఇలా మనం ఇవాళ సివిల్, మెకానికల్ అనేవాటిలోకి దిగాడు. క్వేకర్ల వేషం కూడా వదిలేశాడు.

ఇంకో అలవాటుంది. ఎంత పెద్దవాడైనా సరే, తప్పు కనిపిస్తే కాగితం మీద పెట్టెయ్యడం. 1728లో యోహాన్ బెర్నూలీ ఢీకొనే వస్తువుల గురించి చెప్పిందాన్ని విమర్శించాడు. 1734లో బిషప్ బర్క్‌లీ, న్యూటన్ కాలిక్యులస్ పునాదే గుల్ల అని పుస్తకం రాస్తే, మరుసటి ఏడే రాబిన్స్ జవాబు రాశాడు. 1739లో ఆయిలర్ రాసిన చలన శాస్త్ర గ్రంథాన్ని తప్పుపట్టాడు. ఆయిలర్‌ని! ఆ కథకి తమాషా అయిన ముగింపు ఉంది, కొంచెం ఆగండి.

దక్కని కొలువు

1741లో వులిచ్ అనే చోట ఇంగ్లండ్ ప్రభుత్వం సైనిక అకాడమీ పెట్టింది. ఫిరంగి దళం వాళ్లకీ ఇంజనీర్లకీ చదువు చెప్పడానికి. అక్కడ ప్రొఫెసర్ కొలువు వస్తుందని రాబిన్స్ ఆశపడ్డాడు, పాఠాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. కొలువు మరొకరికి పోయింది. అప్పటికే ఆయన ప్రధాని వాల్పోల్ మీద ఘాటైన రాజకీయ కరపత్రాలు రాసి ఉన్నాడు. ప్రభుత్వాన్ని తిట్టినవాడికి ప్రభుత్వ కొలువు దొరకడం ఏ కాలంలోనైనా కష్టమే.

చెప్పుకోడానికి తరగతి లేని ఆ పాఠాలే 1742లో పుస్తకమయ్యాయి. ఫిరంగి విద్యకు కొత్త సూత్రాలు అని దాని పేరు. చిన్న పుస్తకం. ప్లేస్‌మెంట్ సీజన్‌లో దిగాలుగా తిరిగే మిత్రులకి ఈ ముక్క చెప్పాలనిపించింది. ఆ కొలువు దక్కినాయన పేరు ఇవాళ మనలో ఎంతమందికి తెలుసు?

అప్పటిదాకా ఏమనుకునేవాళ్లు?

రాబిన్స్ ఏం చేశాడో అర్థం కావాలంటే ఆయన ముందున్న స్థితి తెలియాలి. గాలి లేకపోతే విసిరిన వస్తువు పారబోలాలో పోతుందని గెలీలియో 1638లో చూపించాడు. ఆయన తర్వాతివాళ్లు అందులో గాలి లేకపోతే అన్న ముక్కను వదిలేశారు. ఇంత బరువైన ఇనప గుండుని గాలి ఏం చేస్తుందిలే అనుకున్నారు. ఫిరంగులవాళ్ల చేతి పుస్తకాలు ఆ పారబోలా పట్టికలతో నిండిపోయాయి.

నిజం వేరుగా ఉంది. సెకనుకి 1,650 అడుగుల వేగంతో బయల్దేరిన 24 పౌండ్ల గుండు, పారబోలా లెక్క ప్రకారం 45 డిగ్రీల కోణంలో 16 మైళ్లు పోవాలి. కావాలంటే మీరే వేసుకోండి, వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే చాలు. నిజంగా పేలిస్తే 3 మైళ్లు కూడా పోదు. 16 ఎక్కడ, 3 ఎక్కడ! ఇంత తేడా ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు పట్టలేదంటే, బయల్దేరేటప్పుడు గుండు వేగం ఎంతో కొలిచే సాధనమే లేదు. వేగం తెలియనప్పుడు తప్పు గాలిదో మందుదో గుండుదో ఎలా తేలుతుంది? ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకునేవాళ్లు.

దిమ్మె వేలాడింది

రాబిన్స్ ఉపాయం మన లెక్కలో ఉన్నదే. మూడు కాళ్ల చట్రం నుంచి ఒక ఇనప పలకని లోలకంలా వేలాడదీశాడు. దాని ముందు దళసరి చెక్క. మొత్తం బరువు సుమారు 56 పౌండ్లు. మస్కెట్ గుండు బరువు పౌండులో పన్నెండో వంతు. అంటే లోలకం గుండు కంటే ఆరు వందల రెట్లకు పైగా బరువు. సెకనుకి 1,600 అడుగులు పైచిలుకు వేగంతో వచ్చిన గుండు అందులో దిగబడితే, రెండూ కలిసి స్థూలంగా సెకనుకి రెండున్నర అడుగుల చొప్పున కదులుతాయి. కంటికి ఆనని వేగం కాస్తా, నింపాదిగా చూడదగ్గ ఊపుగా మారిపోయింది. కింద కట్టిన రిబ్బను ఎంత బయటికి లాగబడిందో చూస్తే ఊపు ఎంతో తెలుస్తుంది. అంతే. మిగతాది కాగితం మీద పని.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మనం దీన్ని బట్టీ పట్టేస్తాం. గుండు చెక్కలో దిగేటప్పుడు శక్తి నిలవదు, చెక్క చీలడంలో, వేడెక్కడంలో చాలా వరకు పోతుంది. మొమెంటం మాత్రం నిలుస్తుంది. ఆ తర్వాత లోలకం పైకి లేచేటప్పుడు శక్తి లెక్క పనిచేస్తుంది. అందుకే లెక్కలో రెండు లైన్లు. ఏ దశలో ఏది నిలుస్తుందో విడదీసి చూడగలగడమే ఈ సాధనం ప్రాణం.

సాధనం చేతికొచ్చాక రాబిన్స్ ఇంకో పని చేశాడు. తుపాకీకి దగ్గర్లో దిమ్మె పెట్టి కొలిచాడు, దూరం జరిపి మళ్లీ కొలిచాడు. రెండు వేగాల తేడా గాలి తినేసిన భాగం. లెక్క తేలింది: మూడొంతుల అంగుళం మస్కెట్ గుండు సెకనుకి సుమారు 1,670 అడుగుల వేగంతో పోతుంటే, గాలి దాన్ని దాదాపు 10 పౌండ్ల బలంతో వెనక్కి నెడుతోంది. అంటే గుండు సొంత బరువుకి 120 రెట్లు! లెక్కలోకే తీసుకోనక్కర్లేదని వందేళ్లుగా పక్కన పెట్టిన గాలి, భూమ్యాకర్షణ కంటే 120 రెట్లు గట్టిగా పట్టి లాగుతోంది. ఇంకా, ధ్వని వేగం దగ్గరికి రాగానే ఈ నిరోధం ఒక్కసారిగా పెరిగిపోతోందని కూడా ఆయన గమనించాడు. సూపర్‌సానిక్ అనే మాట పుట్టడానికి చాలా ముందు సంగతి ఇది.

మందు ఒత్తిడి

గొట్టం బయట సంగతి సరే, లోపల ఏం జరుగుతోంది? ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. ఒత్తిడి కొలిచే గేజి లేని రోజుల్లో పేలుతున్న మందు ఒత్తిడిని అంచనా కట్టాడు.

మొదట, గాలి తీసేసిన గాజు పాత్రలో ఎర్రగా కాలిన ఇనుము మీద కాస్త తుపాకీ మందు వేసి, పుట్టిన వాయువు పాదరసాన్ని ఎంత దించిందో చూశాడు. చల్లారాక ఆ వాయువు, మందు ఆక్రమించిన చోటుకి సుమారు 244 రెట్లు చోటు తీసుకుంటుందని తేల్చాడు. మరి పేలేటప్పుడు అది చల్లగా ఉండదు కదా. దానికోసం మస్కెట్ గొట్టం ముక్కని ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, లోపలికి ఎన్ని నీళ్లు వచ్చాయో తూచాడు. ఆ వేడికి గాలి దాదాపు నాలుగు రెట్లు వ్యాకోచిస్తుందని తెలిసింది. రెండూ గుణిస్తే సుమారు 1,000. అంటే వాయువు తప్పించుకునే దారి లేకుండా మందు పేలితే, గొట్టం లోపల వాతావరణం కంటే వెయ్యి రెట్ల ఒత్తిడి.

తర్వాత బాయిల్ సూత్రం. గుండు ముందుకి జరిగేకొద్దీ వాయువుకి చోటు పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఒత్తిడిని గొట్టం పొడవునా కూడితే గుండుకి అందిన పని వస్తుంది, దాన్నుంచి వేగం వస్తుంది. ఈ లెక్క ఇచ్చిన వేగమూ, దిమ్మె చూపించిన వేగమూ దగ్గర దగ్గరగా వచ్చాయి. మందంతా గుండు కదిలేలోపే కాలిపోతుందని ఆయన అనుకున్నది పూర్తిగా సరైంది కాదు. వెయ్యి అన్న అంకె కూడా తక్కువేనని తర్వాతి తరాలు కొలిచి చూపించాయి. కానీ తప్పుని దిద్దాలన్నా ముందు ఒక అంకె ఉండాలి. ఆ మొదటి అంకె ఆయనది.

ఒత్తిడి హద్దు దాటితే ఏమవుతుందో కూడా చూశాడు. గుండుని మందుకి ఆనించకుండా, గొట్టంలో దూరంగా ఆపి పేల్చాడు. మధ్యలో ఖాళీ ఉంటే ఒత్తిడి తగ్గాలని కదా మనకి తోస్తుంది? జరిగింది తిరగబడి. ఖాళీలో వేగం పుంజుకుని వచ్చిన వాయువు గుండు వెనక్కాల ఒక్కచోట కుప్పపడింది. మంచి గట్టి మస్కెట్ గొట్టం కూడా ఆ చోట ఉబ్బి పగిలింది. మందు ఎక్కువ పోయకపోయినా తుపాకీ పేలిపోవచ్చు, గుండు ఎక్కడ కూర్చుందన్నది కూడా లెక్కే అని దీంతో తెలిసింది.

మందు ఎక్కువ పోస్తే ఎక్కువ దెబ్బ అన్న నమ్మకాన్నీ ఆయన ఒప్పుకోలేదు. ఒక హద్దు దాటాక పెరిగే వేగం కొంచెమే. ఆ కొంచెాన్నీ గాలి ముందుగానే తినేస్తుంది, గొట్టానికి మాత్రం పూర్తి భారం పడుతుంది. ఓడల మీద తక్కువ మందుతో పెద్ద గుండ్లు వేసే ఫిరంగులు పెట్టుకోమని 1747లో ఒక ప్రతిపాదన రాశాడు. తడి పట్టిన మందు బలం తగ్గుతుందని కూడా పరీక్షించి చెప్పాడు.

గురి ఎందుకు తప్పుతుంది?

మస్కెట్‌తో గురి పెట్టడం ఆ రోజుల్లో దైవాధీనం. ఒకే తుపాకీ, ఒకే మందు, ఒకే చెయ్యి, అయినా రెండు గుండ్లు ఒకచోట తగలవు. ఎందుకని?

రాబిన్స్ పల్చటి కాగితపు తెరలు వరసగా కట్టి వాటి గుండా కాల్చాడు. చిల్లుల్ని బట్టి గుండు దారి తెలుస్తుంది. దారి తిన్నగా లేదు, పక్కకి వంగుతోంది. అదీ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. ఆయన ఊహ ఇది: గుండు గొట్టం కంటే కాస్త చిన్నది కాబట్టి లోపల గోడకి రాసుకుంటూ పోతుంది, ఏ వైపు రాసుకుంటే దాన్నిబట్టి బొంగరంలా తిరుగుతుంది, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని పక్కకి నెడుతుంది.

ఊహ సరే, రుజువో? అందుకు ఒక తుపాకీ గొట్టాన్ని చివర్లో ఎడమకి వంచాడు. గుండు ఎడమకి పోవాలి కదా. కానీ ఆ వంపులో గుండు గొట్టం కుడి గోడకి ఒత్తుకుంటుంది, దాంతో ఒకే దిశలో తిరుగుతుంది, కాబట్టి బయటికొచ్చాక కుడికి వంగాలి అని ముందే చెప్పాడు. పేల్చాడు. మొదటి తెరల్లో ఎడమకి పోయిన గుండు, దూరం పోయేకొద్దీ కుడికి తిరిగింది. ఇవాళ దీన్ని మాగ్నస్ ఎఫెక్ట్ అంటున్నాం. మాగ్నస్ దీని మీద పనిచేసింది 1850లలో, అంటే వందేళ్ల తర్వాత. క్రికెట్లో స్పిన్నర్ వేసిన బంతి గాల్లోనే పక్కకి జరిగినప్పుడు జరిగేదీ ఇదే.

జబ్బు తెలిస్తే మందు తెలిసినట్టే. గుండు ఎటూ తిరక్కుండా ఆపలేం, కాబట్టి మనకి కావలసిన దిశలోనే తిప్పాలి. గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లు ఉంటే, గుండు ప్రయాణించే దిశనే అక్షంగా చేసుకుని తిరుగుతుంది, అప్పుడు పక్కకి నెట్టే బలం ఉండదు. గాళ్లున్న తుపాకీలు, అంటే రైఫిళ్లు, అప్పటికే యూరప్‌లో వేటగాళ్ల దగ్గర ఉన్నాయి. అవి ఎందుకు బాగా తగులుతాయో కారణం చెప్పింది రాబిన్స్. 1747లో రాయల్ సొసైటీ ముందు ఆ వ్యాసం చదివాడు. రైఫిల్ రహస్యాన్ని ముందుగా అర్థం చేసుకున్న దేశానికి యుద్ధరంగంలో పైచెయ్యి ఉంటుందని జోస్యం చెప్పాడు. గుండ్రటి గుండు బదులు కోడిగుడ్డు ఆకారం బాగుంటుందని కూడా సూచించాడు. జోస్యం ఫలించడానికి వందేళ్లు పట్టింది. ఈ ప్రయోగాలకి అంతకుముందే, 1746లో, రాయల్ సొసైటీ ఆయనకి కోప్లీ పతకం ఇచ్చింది.

ఇవాళ్టి తూటాల బల్ల మీద

అమెరికాలాంటి దేశాల్లో కొందరు రైఫిల్ షూటర్లు కాల్చేసిన ఇత్తడి తొడుగుల్లో మళ్లీ ప్రైమర్, మందు, గుండు అమర్చుకుని సొంత తూటాలు తయారుచేసుకుంటారు. మన దేశంలో లైసెన్స్ లేకుండా ఈ జోలికి పోవడం నేరం, కాబట్టి ఇది తెలుసుకోవడానికే. వాళ్ల కష్టాలు చదువుతుంటే నాకు అడుగడుగునా రాబిన్స్ కనిపించాడు.

ఒత్తిడి మితిమీరితే వాళ్లకి కొన్ని గుర్తులు కనబడతాయి. ప్రైమర్ అంచులు చదునైపోతాయి. తొడుగు అడుగున బోల్టు ముద్ర పడుతుంది. బోల్టు ఎత్తబోతే బిగుసుకుపోతుంది. చిక్కేమిటంటే ఇవి ఆలస్యంగా వచ్చే గుర్తులు. బోల్టు బిగుసుకునే వేళకి హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఇవాళ్టి రైఫిల్ తూటాల్లో మామూలు ఒత్తిడే వాతావరణం కంటే మూడు నాలుగు వేల రెట్లు ఉంటుంది, కాబట్టి పొరపాటు పడితే తేలిగ్గా పోదు. పైగా చదునైన ప్రైమర్ ఒక్కదాన్నే చూసి ఏదీ తేల్చలేం, ప్రైమర్ లోహం మెత్తనైనా అలా అవ్వచ్చు. అందుకే జాగ్రత్తపరులు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుంటారు. ఆ మందుకి పుస్తకం చెప్పిన దానికంటే వేగం ఎక్కువ వస్తే, ఒత్తిడి కూడా ఎక్కువైందని అనుమానించి ఆగిపోతారు. క్రోనోగ్రాఫ్ ఎవరో కాదు, మన చెక్క దిమ్మె మునిమనవడు.

కారణాలూ పాతవే. తొడుగు గోడ మందంగా ఉంటే లోపల చోటు తగ్గుతుంది, అదే మందుకి ఒత్తిడి పెరుగుతుంది: బాయిల్ సూత్రం. గుండు గాళ్లకి మరీ ఆనుకుని కూర్చుంటే ఒత్తిడి మారుతుంది: గుండు ఎక్కడ కూర్చుందన్న ప్రశ్న. గురి చెదిరితే మందు ప్రతిసారీ ఒకే వేగం ఇస్తోందా, గాళ్ల మెలిక గుండు పొడవుకి సరిపోతోందా అని చూస్తారు: తెరలూ, తిరుగుడూ. ముఖ్యంగా ఒకసారికి ఒక్కటే మార్చాలి. మందూ, గుండూ, ప్రైమర్ మూడూ ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు. ల్యాబ్‌లో మనకి రీడింగులు తేడా వచ్చినప్పుడు చెయ్యాల్సిన పనీ ఇదే, చేసేది వేరే అనుకోండి.

ఆయిలర్ చేతిలో పుస్తకం

ఇందాక ఆయిలర్ సంగతి ఆపాను. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో ఉన్న ఆయిలర్, ఫిరంగి విద్య మీద మంచి పుస్తకం ఏదని ప్రశ్న వచ్చినప్పుడు, తన్ను ఆరేళ్ల కిందట తప్పుపట్టిన రాబిన్స్ పుస్తకాన్నే చూపించాడు. తనే జర్మన్‌లోకి అనువదించి 1745లో అచ్చువేయించాడు. మీద తన వ్యాఖ్యానం చేర్చాడు. ఆ వ్యాఖ్యానం అసలు పుస్తకానికి ఎన్నో రెట్లు పెద్దది. కొన్నిచోట్ల ఒప్పుకోలేదు కూడా. గుండు పక్కకి వంగడానికి కారణం తిరుగుడు కాదు, గుండు సరైన గోళం కాకపోవడమే అన్నాడు. అక్కడ ఆయిలర్‌ది తప్పు, రాబిన్స్‌ది ఒప్పు. అయినా పగ పెట్టుకోకుండా పుస్తకాన్ని నెత్తికెత్తుకున్నాడే, అది నాకు నచ్చింది. ఆ తర్వాత అది ఫ్రెంచిలోకి వెళ్లింది. 1780లలో ఫిరంగి దళంలో చేరిన ఒక కుర్ర అధికారి దాన్ని శ్రద్ధగా చదివి నోట్సు రాసుకున్నాడు. పేరు నెపోలియన్ బోనపార్ట్.

కడలూరు

1749లో ఈస్టిండియా కంపెనీ రాబిన్స్‌ని తన ఇంజనీర్ జనరల్‌గా నియమించింది. అంతకు మూడేళ్ల కిందటే ఫ్రెంచివాళ్లు చెన్నపట్నం కోటని అవలీలగా పట్టేసుకున్నారు, సంధి మీద తిరిగి ఇచ్చారు. కోటలు బాగుచెయ్యకపోతే కుదరదని కంపెనీకి అర్థమైంది. 1749 చివర్లో ఓడ ఎక్కి, 1750 జులైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకి చేరాడు. వెంట ఖగోళ పరికరాలు కూడా తెచ్చుకున్నాడు. ఆ కోటకీ చెన్నపట్నానికీ ప్లాన్లు గీశాడు. మన ఎండలు, జ్వరాలు ఆయన్ని నిలవనివ్వలేదు. ఒకసారి జ్వరం నుంచి లేచాడు. తర్వాత 1751 జులై 29న అక్కడే పోయాడు. పెళ్లీ పిల్లలూ లేరు. కాగితాలన్నీ స్నేహితుడు జేమ్స్ విల్సన్ 1761లో రెండు సంపుటాలుగా అచ్చువేశాడు.

ఆ 1751లోనే ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ నిజాం అయ్యాడు. ఆర్కాటు ముట్టడితో క్లైవ్ పేరు పైకొచ్చింది. ఇంకో ఆరేళ్లకి బొబ్బిలి కోట మీద బుస్సీ ఫిరంగులు మోగాయి. మన నేల ఎవరిదన్న ప్రశ్నకి సమాధానం ఫిరంగుల నోట్లో ఉన్న రోజులవి. ఆ ఫిరంగుల శాస్త్రం అందరికన్నా బాగా తెలిసిన మనిషి, మనని తర్వాత రెండు వందల ఏళ్లు ఏలబోయే పక్షం తరఫున, మన తీరం మీద గోడల ప్లాన్లు గీస్తూ పోయాడు.

అందుకే మొదట్లో ఆ క్వేకర్ ఇంటి సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. ఆయుధం ముట్టకూడదన్న ఇంట్లో పుట్టి, ఆయుధం ఎలా పనిచేస్తుందో ప్రపంచానికి నేర్పాడు. దాన్ని ద్రోహం అననా, జ్ఞానం అననా? రెండు వైపులా నాకు మాటలు దొరుకుతున్నాయి. గాలి నిరోధం కొలిచినవాడు లేకపోతే విమానం లేదు, రాకెట్ లేదు. శ్రీహరికోటలో వాళ్లు వేసుకునే లెక్కల్లో కూడా ఆ దిమ్మె వాటా కొంత ఉంది. అదే కొలతలతో ఎన్ని ఊళ్లు నేలమట్టమయ్యాయో కూడా చరిత్రలో ఉంది. దిమ్మెకి పక్షపాతం లేదు, తగిలిన గుండు ఎంత వేగంగా వచ్చిందో చెప్పి ఊరుకుంటుంది. ఆ గుండు ఎవరి మీదికి పోవాలన్నది మాత్రం మనిషే తేల్చుకోవాలి.

మనలో కొందరం రేపు డిఫెన్స్ ల్యాబుల్లోకి వెళ్తాం, కొందరం డ్రోన్లు చేస్తాం, కొందరం కోడ్ రాస్తాం. ఏది చేసినా ఆ జీవితంలోంచి నేను రెండు సంగతులు పట్టుకెళ్తాను. అందరూ నమ్మే మాటైనా సరే, కొలిచి చూసేదాకా దాన్ని నమ్మకపోవడం ఒకటి. కొలవడం వచ్చేసినంత మాత్రాన పని అయిపోయిందనుకోకపోవడం రెండోది. ఈసారి పరీక్షలో బాలిస్టిక్ పెండ్యులం లెక్క పడితే, జవాబు కింద గీతలు కొట్టే ముందు కడలూరులో పోయిన ఆ దర్జీ కొడుకుని ఒక్కసారి తలుచుకోండి.